ఫిర్యాదులు లేని గూడు

కాలేజీలో అతన్ని ల్యాబ్ మాస్టారు అంటారు. మాస్టారేమీ కాదు, ల్యాబ్ అసిస్టెంటు. నలభై రెండు కంప్యూటర్లున్న గదికి పొద్దున తాళం తీసేదీ, సాయంత్రం తాళం వేసేదీ, మధ్యలో దుమ్ము దులిపేదీ అతనే. నలభై రెండింటిలో నడిచేవి ముప్ఫై ఒకటి. మిగతా పదకొండూ వాటికి తలా ఒక అవయవం దానం చేసి, వెనక గోడవారన డొల్లలై ఒరిగి ఉంటాయి. అతని చేతిలో పడ్డ యంత్రం చావడానికి కూడా జంకుతుందని ప్రిన్సిపాల్ అంటాడు. మెచ్చుకోలుగానే అంటాడు, కొత్తవి కొనే బాధ తప్పింది కనుక.

మనిషి నెమ్మదస్థుడు. ఒకరి జోలికి పోడు, గొంతెత్తి మాట్లాడడు. ఉన్న జబ్బల్లా ఒకటే, రూలు ప్రకారం చేస్తే తప్పు జరగదనుకోవడం. ఇది చాలామంది మంచివాళ్లకు ఉండే జబ్బే. మందు లేదు.

కాలేజీ బయట అతనికి ఇంకో బతుకుంది. అక్కడ అతని పేరు అతుకులాయన. ఆ పేరు పెట్టింది గూటివాళ్లు. గూడు అంటే ఒక ఆపరేటింగ్ సిస్టమ్. కంప్యూటర్‌కు ప్రాణం పోసి, మన మాట దానికీ దాని మాట మనకీ చేరవేసే సాఫ్ట్‌వేర్. దానికి యజమాని లేడు, ధర లేదు. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడొచ్చు, చేతనైతే బాగుచేయొచ్చు. ఎక్కడెక్కడి వాళ్లో ఒక మూడు వందలమంది జీతం బత్తెం లేకుండా దాన్ని నిలబెడుతున్నారు. జీతం లేనిచోట పని ఎంత శ్రద్ధగా సాగుతుందో, పోట్లాట కూడా అంత శ్రద్ధగానూ సాగుతుంది.

అతుకులాయన పదిహేనేళ్లుగా పొద్దున అయిదింటికి లేచి, కాలేజీకి బయల్దేరేదాకా గూటికి అతుకులు వేస్తాడు. ఎక్కడో ఎవరికో ప్రింటర్ పలకదు, ఇంకెవరికో గడియారం గంట వెనక్కి నడుస్తుంది. ఆ పాత ప్రోగ్రాం రాతలోకి దూరి, రెండు వరుసలు తీసి మూడు వరుసలు చేర్చి బయటికొస్తాడు. "కాపురం చేస్తున్న ఇంటిని కూల్చరు, కారే చోట చూసుకుంటారు" అన్నది అతని సిద్ధాంతం. భార్య మాత్రం, సొంతింటి వంటగదిలో కారే కొళాయి సంగతి ఆ సిద్ధాంతం కిందికి ఎందుకు రాదో చెప్పమని పదిహేనేళ్లుగా అడుగుతోంది.

గూట్లో రెండో సిద్ధాంతం కూడా ఉంది. దానికి పెద్ద, గూటివాళ్లు మేస్త్రి అని పిలిచే మనిషి. ఎక్కడో టెలిఫోన్ కంపెనీలో ఇంజినీరు. ఇటుక ముట్టింది తక్కువ, ప్లాను గీసింది ఎక్కువ. పాత గూడు పునాదిలోనే వంకర ఉందనీ, పడగొట్టి మళ్లీ కట్టడం తప్ప గతి లేదనీ అతని వాదం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కొత్త గూటికి ఒక్క పుల్ల పేర్చకముందే పేరూ, బొమ్మా, ఆ బొమ్మ వేసిన చొక్కాలూ తయారైపోయాయి. మేస్త్రి ఆ చొక్కా వేసుకునే వీడియో మీటింగులకు వచ్చేవాడు.

ఇద్దరూ ఎదురెదురుగా ఎప్పుడూ కలిసింది లేదు. మెయిళ్లలోనే కొట్టుకునేవాళ్లు. మర్యాద ముదిరిన కొద్దీ తిట్టు ముదిరినట్టు లెక్క.

"పెద్దలు అతుకులాయన గారికి నమస్కారం. తమరు కాపాడుతున్నది ఇల్లు కాదు, కట్లు కట్టిన రోగి అని సవినయంగా మనవి" అని మేస్త్రి రాసేవాడు.

"గౌరవనీయులైన మేస్త్రి గారికి. రోగి నడుస్తున్నాడు. తమరి పిల్లాడు ఇంకా పుట్టలేదు. పుట్టాక కబురు చేయగలరు" అని ఇతను రాసేవాడు.

నిజానికి ఇద్దరూ సగం సగం రైటే. పాత ఇల్లు వదిలేస్తే అందులో ఉన్న జనం వీధిన పడతారు. అతుకుల మీద అతుకులు వేస్తూ పోతే ఏదో ఒకరోజు అసలు గుడ్డ కనపడకుండా పోతుంది. పూర్తిగా తప్పైన మనిషికి నచ్చజెప్పొచ్చు గానీ, సగం రైటైన మనిషిని బ్రహ్మదేవుడు కూడా కదిలించలేడు.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఏడాదిపాటు కొత్త ఇంటి మాట ఎత్తకూడదు, అందరూ పాత ఇంటి మరమ్మతే చేయాలి. గూటి ముఖపేజీ మీద, ఇంకా తేలని ఫిర్యాదులు ఎన్నో చూపించే అంకె ఒకటుంది. అది మూడు వందల లోపుకు దిగిన రోజున పాత గూడు నిలదొక్కుకున్నట్టు ప్రకటించాలి. ఆ తర్వాత దాన్ని ముట్టుకోకుండా అందరూ కొత్త గూడు కట్టాలి. అప్పటికి ఆ అంకె నాలుగు వేల ఎనిమిది వందల పదహారు.

గూటివాళ్లకు ఓట్లూ చేతులెత్తడాలూ లేవు. ఏ ప్రతిపాదనైనా మెయిల్లో పెడతారు. మూడు రోజుల్లో ఎవరూ కాదనకపోతే అయినట్టే. మౌనం అర్ధాంగీకారమని పెద్దలన్నారు. వీళ్లు ఇంకో అడుగు ముందుకేసి దాన్ని పూర్తి అంగీకారం చేసుకున్నారు. ఒప్పందం కూడా ఆ మౌనంలోనే ఖాయమైంది.

అతుకులాయనకు ఒక అక్క ఉంది. ఆరేళ్లు పెద్దది. పదహారో ఏట జబ్బు చేసి చూపు పోయింది, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. పెద్దాసుపత్రిలో ఫోన్ దగ్గర ఉద్యోగం, పంతొమ్మిదేళ్లుగా. ఏ డాక్టరు ఏ రోజు ఉంటాడు, ఏ గదికి పోవాలి, ఏ పరీక్షకు ఏమీ తినకుండా రావాలి, అడిగినవాడికల్లా చెప్పడం ఆమె పని. ఎడమ చెవికి ఫోను, కుడి చెవికి కంప్యూటర్ గొంతు. తెర మీది అక్షరాలను గూడు చదివి వినిపిస్తుంది, ఆమె వాటిని మనిషి మాటల్లోకి మార్చి అవతలివాడికి చెబుతుంది. ఆ కంప్యూటర్లో గూడు పెట్టింది తమ్ముడే. "నేనుండేది మా తమ్ముడి గూట్లో" అని పక్క సీట్లవాళ్లకు గొప్పగా చెప్పుకునేది.

ఒప్పందం కుదిరిన నెలలోనే ఆ గొంతుకు తెగులు పట్టుకుంది. ఏదైనా చదువుతూ ఉండగా ఫోన్ మోగిందంటే గుటుక్కున ఆగిపోయేది. మళ్లీ పలికించాలంటే కంప్యూటర్ మొత్తం ఆపి మొదలుపెట్టాలి. నాలుగు నిమిషాలు. రోజుకొకసారి, ఒక్కోరోజు మూడుసార్లు. ఆ నాలుగు నిమిషాలూ అవతల ఎవరి తండ్రికో ఆయాసం, ఎవరి బిడ్డకో జ్వరం.

ఆదివారం తమ్ముడింటికి వచ్చినప్పుడు చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. విని, "ఇంట్లో చెబితే లెక్కలోకి రాదక్కా. ఫిర్యాదుల పేజీలో రాయి" అన్నాడు.

"నువ్వే కదరా అది చూసేది?"

"నేనే. అందుకే చెబుతున్నా. సొంత అక్కని వరుస దాటించి ముందుకు తెచ్చానని తెలిస్తే రేపు మేస్త్రి నా మొహాన ఉమ్మేస్తాడు. ఒక్క మెయిల్ కొట్టు, అదే ఫిర్యాదుగా ఎక్కుతుంది. నీ వంతు రాగానే చూస్తా."

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఈ అక్క తమ్ముడు వడ్డించే బంతిలో మొదటి ఆకు ముందే కూర్చుంది. ఆకు ఎండిపోయింది గానీ మెతుకు పడలేదు.

మరమ్మతుల ఏడాది మొదలైంది. నాలుగు నెలలు అందరూ నడుం వంచి పనిచేశారు. రోజుకు పది ఫిర్యాదులు తీర్చేవాళ్లు, పన్నెండు కొత్తవి వచ్చేవి. నాలుగు నెలల తర్వాత అంకె అయిదు వేలు దాటింది. మేస్త్రి మెయిల్ నిండా సానుభూతి కురిపించాడు. పొద్దున పేజీ తెరవగానే ఆ అంకె చూసి అతుకులాయనకు టీ చేదుగా ఉండేది. అతనికి అది అంకెలా కనిపించడం మానేసి, తన మొహం మీద ఎవరో రాసిన తిట్టులా కనిపించడం మొదలైంది.

అప్పుడు అతను ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. దాని పేరు చీపురు. అరవై రోజులపాటు ఎవరూ మాట్లాడని ఫిర్యాదును వెతికి పట్టుకుని మూసేయడం దాని పని. చాలా ఫిర్యాదులు ఏళ్ల నాటివి, రాసినవాళ్లు మర్చిపోయి ఉంటారు, ఆ చెత్త ఊడిస్తే అసలువి తేలతాయి అన్నది అతని ఆలోచన. ఆలోచన మంచిదే. కాకపోతే అరవై రోజులుగా మాట్లాడనివాళ్లలో జవాబివ్వాల్సిన గూటివాళ్లు కూడా ఉన్నారన్న సంగతి చీపురుకు తెలియదు. తప్పు జవాబివ్వనివాడిది, మూసుకునేది అడిగినవాడి నోరు. మూసేటప్పుడు మర్యాదగా ఉండాలని అతను రెండు రోజులు కూర్చుని ఒక జవాబు కూర్చాడు. భార్యకు నాలుగుసార్లు చదివి వినిపించాడు. "ఈ విషయమై అరవై రోజులుగా ఎవరూ మాట్లాడలేదు కనుక మీ సమస్య తీరిపోయిందని సంతోషిస్తున్నాము. మీ సహకారానికి ధన్యవాదాలు."

చీపురు ప్రతిపాదన మెయిల్లో పెడితే మూడు రోజులు ఎవరూ కాదనలేదు. ఎందుకంటారు? అతుకులవాళ్లకు అంకె దిగితే పరువు. మేస్త్రివాళ్లకు అంకె దిగితే కొత్త ఇల్లు. పదిహేనేళ్లలో మొదటిసారి రెండు ముఠాలూ ఒక్క మాట మీద నిలబడ్డాయి. "అతుకులాయన గారు రాసినవాటిలో ఇంత చక్కని ప్రోగ్రాం నేను చూడలేదు" అని మేస్త్రి రాశాడు. ఇతను ఆ మెయిల్‌ను దాచుకున్నాడు.

చీపురు ఊడవడం మొదలుపెట్టిన ఏడో నెలలో అంకె రెండు వందల పన్నెండుకు దిగింది. ప్రకటన మీటింగు ఆదివారం పది గంటలకు పెట్టారు. ఆ రోజు అతుకులాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎనిమిదింటికే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఎనిమిదిన్నరకు అక్క వచ్చింది. కర్ర గుమ్మం పక్కన పెట్టి, తడుముకోకుండా తన కుర్చీలో తాను కూర్చుంది.

"ఒరేయ్, మా కొత్త సూపరింటెండెంటు నిన్న పిలిచాడు. నెలాఖరుకల్లా ఆ కంప్యూటర్ సంగతి తేలకపోతే నన్ను దుప్పట్ల గదిలోకి మారుస్తాట్ట" అంది.

దుప్పట్ల గది ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉంటుంది. ఉతికి మడతపెట్టిన దుప్పట్లుంటాయి. ఫోన్ ఉండదు, మాట్లాడే మనిషి ఉండడు. జీతం తగ్గదు, పని ఉండదు. పంతొమ్మిదేళ్లు అంతమందికి దారి చెప్పిన మనిషి దుప్పట్లకు కాపలా కూర్చోవాలి.

"ఇంకా పది రోజులుంది. నా ఫిర్యాదు వరుసలో ఎక్కడిదాకా వచ్చిందో చూడు."

"ఏం కంగారు పడకక్కా. ఇప్పుడు మొత్తం ఉన్నవే రెండు వందల పన్నెండు. నీది పైకొచ్చేసి ఉంటుంది" అంటూ ఉత్సాహంగా వెతికాడు. మళ్లీ వెతికాడు. "నువ్వసలు రాయలేదేమోనక్కా."

"రాశాన్రా."

"రాస్తే ఇక్కడుండాలిగా. పేజీ అబద్ధం చెప్పదు."

"అయితే నేను చెబుతున్నానా? ఒకటి కాదు, మూడు రాశా. మూడింటికీ జవాబులు కూడా వచ్చాయి."

"జవాబులా! ఎవరు రాశారు?"

"ఎవరో. బాగా చదువుకున్నవాడిలా ఉన్నాడు." అక్క గొంతు సవరించుకుంది. కంప్యూటర్ గొంతు ఎలా చదువుతుందో అలాగే, ఎత్తూ పల్లం లేకుండా, అప్పజెప్పింది. "ఈ విషయమై అరవై రోజులుగా ఎవరూ మాట్లాడలేదు కనుక మీ సమస్య తీరిపోయిందని సంతోషిస్తున్నాము. మీ సహకారానికి ధన్యవాదాలు."

వంటగది గుమ్మంలో భార్య టీ గ్లాసులతో ఆగిపోయింది. "ఏమండీ, ఇది మీరు రాసింది కదూ?" అంది.

అతను ఆవిడ వైపు చూడలేదు. "మరి నువ్వు మళ్లీ పలకాల్సింది కదక్కా. సమస్య ఇంకా ఉందని ఒక్క ముక్క రాస్తే మూతపడేది కాదు."

"మెయిల్ కొడితే ఇంకో కొత్త ఫిర్యాదే ఎక్కుతోంది. పాతదాని కింద రాద్దామనే పేజీలోకి వెళ్లాను. బస్సులు చూపించమంది."

"బస్సులా?"

"తొమ్మిది బొమ్మలుంటాయట. బస్సులున్నవి నొక్కితేనే లోపలికి రానిస్తారట. నాకు ఎదురుగా నిజం బస్సొచ్చినా పక్కవాళ్లు చెప్పాల్రా."

ఆ బొమ్మల తలుపు మేస్త్రి మనుషులు పెట్టింది. ఫిర్యాదుల పేజీలోకి ప్రకటనలు రాసే దొంగ ప్రోగ్రాములు జొరబడుతున్నాయని పేజీకి కొత్త ప్లాను గీసి కట్టారు. దాన్నీ మూడు రోజులు ఎవరూ కాదనలేదు. కాదననివాళ్లలో అతుకులాయనా ఒకడు. ఆ వారం అతను చీపురు రాసే పనిలో ఉన్నాడు.

"నాకు చెప్పొచ్చుగా అక్కా."

"చెప్పాను. పేజీలో రాయమన్నావు."

భార్య టీ గ్లాసులు బల్ల మీద పెట్టింది. పెట్టడంలో చప్పుడు కొంచెం ఎక్కువైంది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు వదినా. ఈయన రచ్చ గెలవడానికి ఇంట్లో మనిషిని పీకి పారేశారు" అంది.

పది గంటలకు మీటింగు మొదలైంది. మేస్త్రి కొత్త గూడు చొక్కాలో వెలిగిపోతున్నాడు. పాత గూడు నిలదొక్కుకుందనీ, రివాజు ప్రకారం మూడు రోజుల్లో ఎవరూ కాదనకపోతే బుధవారం పదింటికి ఖాయమవుతుందనీ చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అతుకులాయన కాదనాలి. అనలేదు. చీపురు తనదే కదా, ఏమని కాదంటాడు? ఈ మూడు రోజుల్లో అక్క గొంతు బాగుచేసేస్తే ఎవరికీ చెప్పక్కర్లేదు అనుకున్నాడు. పదిహేనేళ్లుగా ఏది చేతకాకపోయినా అతుకు వేసి సర్దుకున్నవాడికి అంతకంటే ఏం తోస్తుంది?

కాలేజీకి రెండు రోజులు సెలవు పెట్టి గూట్లో ధ్వని నడిచే దారిలోకి దిగాడు. దారి పొడుగునా అతుకులే. ఒకటి, రెండు, లెక్కపెడితే పదకొండు. ఒక్కోదాని కింద వేసినవాడి పేరు, తారీకు ఉంటాయి. పదకొండింటి కిందా ఉన్నది తన పేరే. హెడ్‌ఫోన్ పలకలేదని వేసింది ఒకటి, ఆ అతుకు వల్ల ప్రింటర్ ఆగిందని దాని మీద వేసింది ఇంకొకటి, ఈ రెంటికీ పడటం లేదని మధ్యలో "అర క్షణం ఆగు" అని వేసింది మూడోది. సరిగ్గా ఆ అర క్షణంలో ఫోన్ మోగితే గొంతు చచ్చిపోతోంది. పన్నెండో అతుకు వేద్దామని చూశాడు. వేయడానికి గుడ్డ లేదు.

సోమవారం మధ్యాహ్నం భోజనం ముందు కూర్చుని, కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. లేచి వెళ్లి, ఆరేళ్ల కిందట మేస్త్రి పంపితే చదవకుండానే పక్కన పడేసిన ప్లాను వెతికి తీశాడు. అందులో ధ్వనికి ఒక్కటే దారి, ఆ దారికి ఒక్కటే కాపలా. బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి అతనికి పట్టినంత సేపు ఆ ప్లాను అమలు చేయడానికి పట్టలేదు. ఇల్లు కూల్చలేదు, ఆ ఒక్క గదీ విప్పి మళ్లీ కట్టాడు. తన అతుకులు పదకొండూ తన చేతుల్తోనే ఊడబీకాడు. బుధవారం పొద్దున ఆరింటికి పరీక్ష చేస్తే గొంతు ఎక్కడా ఆగలేదు.

గూట్లో ఏ మార్పుకైనా రెండో మనిషి సంతకం కావాలి. ఇది మేస్త్రి ప్లానే కదా, ఎగిరి గంతేసి పెడతాడనుకుని అతనికే పంపాడు. ఏడింటికి జవాబొచ్చింది.

"అతుకులాయన గారు నా ప్లాను చదివినందుకు ధన్యుణ్ణి. అయితే ఇంకో మూడు గంటల్లో పాత గూడు ఖాయం కాబోతోంది. ఇప్పుడు అందులో ఒక గదే మార్చడం ఒప్పందానికి విరుద్ధం. కొత్త గూట్లో ధ్వనికి వేరే పద్ధతి ఉంటుంది, అక్కడ అసలు ఆ గదే ఉండదు."

"కొత్త గూడు ఎప్పటికి లేస్తుంది?" అని ఇతను అడిగాడు.

"రెండేళ్లు. మహా అయితే మూడు."

"అందాకా ఈ గొంతు మీద బతికేవాళ్లు?"

"ఆ విభాగంలో పెండింగ్ ఫిర్యాదులు సున్నా అని పేజీ చూపిస్తోంది కదండీ" అని మేస్త్రి రాశాడు. వెటకారం కాదు. నిజంగానే అలా అనుకున్నాడు, పేజీ చూసి.

అతుకులాయన చాలాసేపు ఆ వాక్యం చూశాడు. కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ మేస్త్రి మీద నిలవలేదు. తొమ్మిదింబావుకు చీపురు రాత తెరిచి, అది మూసిన ఫిర్యాదులన్నిటినీ ఒక్కసారిగా తెరవమని ఆజ్ఞ ఇచ్చాడు. నాలుగు వేల తొమ్మిది వందల మూడు. అలా తెరవమని అతన్ని ఎవరూ అడగలేదు, మూడు రోజులు మెయిల్లో పెట్టలేదు, ఎవరి మౌనమూ తీసుకోలేదు. జీవితంలో మొదటిసారి రూలు తప్పాడు. ముఖపేజీ మీద అంకె రెండు వందల పన్నెండు నుంచి అయిదు వేల నూట పదిహేనుకు ఎగిరింది. ప్రకటన మెయిల్ కింద "కాదంటున్నాను" అని ఒక్క మాట రాసి, చొక్కా మార్చుకుని కాలేజీకి వెళ్లిపోయాడు.

గూట్లో అంతా లబలబలాడారు. ద్రోహి అన్నారు, మతిపోయిందన్నారు. ఏడాది శ్రమ బూడిదలో పోసిన పన్నీరైందని మేస్త్రి రాశాడు. ఏడాది శ్రమలో ఏడు నెలలు చీపురుదేనని ఎవరూ అనలేదు. వారం తిరక్కుండా మేస్త్రి తన ముఠాను వెంటేసుకుని వెళ్లి విడిగా కొత్త గూడు మొదలుపెట్టాడు. ఇప్పటికి ఏడాదిన్నర. పునాది ప్లాను మూడోసారి మారింది. అక్కడ ఒక్క ఫిర్యాదు కూడా లేదట, అందులో ఇంకా ఎవరూ కాపురం పెట్టలేదు కనుక.

మిగిలినవాళ్లలో ఒకరు అతుకులాయన కట్టిన గదికి సంతకం పెట్టారు. నెలాఖరు ఇంకో రెండు రోజులుందనగా అతను బాగుచేసిన గూటిని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, పర్మిషన్ పెట్టి పెద్దాసుపత్రికి వెళ్లాడు. అక్క తన సీట్లోనే ఉంది. ఎడమ చెవికి ఫోను, కుడి చెవికి హెడ్‌ఫోను. ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి వెళ్లి చూస్తే బల్ల మీద పాత కంప్యూటర్ లేదు. వేరేది ఉంది. అందులో ఉన్నది గూడు కాదు.

"అక్కా."

"నువ్వా! కాలేజీ లేదా?"

"ఇదేంటి?"

"సూపరింటెండెంటునే అడిగానురా. నన్ను దించడమేనా, దీన్ని మార్చడం కుదరదా అని. పాపం మంచివాడే. ఎవరూ తిన్నగా అడగలేదన్నాడు. గురువారం పెట్టించాడు. సీటుకి ఢోకా లేదు."

"నాకు చెప్పలేదే."

"చెబితే పేజీలో రాయమంటావని."

అతను జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "నీ గొంతు బాగుచేశానక్కా. పదకొండు అతుకులూ పీకేసి కొత్తగా కట్టాను. ఇక ఆగదు. మళ్లీ మన గూడు పెట్టనా?"

అక్క వేళ్లు బల్ల మీద కదిలాయి. "ఇది కూడా వంకరదేరా. అంకెలు తప్పు చదువుతుంది, పేర్లు నమిలేస్తుంది. నీదే బాగుండేది" అంది. "కానీ దీనికి ఒక నంబరుంది. ఫోన్ చేస్తే ఒక మనిషి ఎత్తుతాడు. బాగుచేయడు, చేస్తానంటాడు. వింటాడు మాత్రం."

"మరి ఇది?"

"వేరేవాళ్లకివ్వు. నాలాంటివాళ్లు మీ గూట్లో ఇంకా ఎవరైనా మిగిలుంటే." ఫోన్ మోగింది. "ఉండు, లైన్లో మనిషున్నాడు" అని ఎత్తింది.

ఆ మాట మంటగా అనలేదు. మామూలుగానే అంది, అందుకే అతనికి ఎక్కువ తగిలింది.

ఇంటికొచ్చి తెరిచిన ఫిర్యాదులన్నీ చూశాడు. నాలుగు వేల తొమ్మిది వందల మూడింటికీ తెరిచినట్టు కబురు వెళ్లింది. అప్పటికి జవాబిచ్చినవాళ్లు తొంభై మూడు మంది. వాళ్లలో డెబ్భై మంది ఒకే మాట రకరకాలుగా రాశారు, మేం ఎప్పుడో మానేశామని. మిగతావాళ్లు అదీ రాయలేదు. సమస్య తీరిపోయి మాట్లాడలేదనుకున్న జనమంతా చెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లేనని అతనికి ఆ కుర్చీలో కూర్చుని అర్థమైంది. ఎవరూ లేని ఇంటికి ఇన్నాళ్లూ అతుకులు వేశాడు. మేస్త్రి కూడా ఎవరూ లేని ఇంటిని కూల్చడానికే అంత తాపత్రయపడ్డాడు.

గొంతు గురించి రాసినవాళ్లు అక్క కాక ముప్ఫై ఏడుగురున్నారు. ప్రోగ్రాం రాయకుండా, ఒక్కొక్కరికీ విడివిడిగా, తన పేరుతో తానే రాశాడు. ఆలస్యమైంది, తప్పు నాదే, ఇప్పుడు బాగైంది, ఇంకా వాడుతున్నారా అని. తన ఫోన్ నంబరు కూడా రాశాడు. రాయడానికి అయిదు పొద్దుటిపూటలు పట్టింది. భార్య రోజూ వచ్చి చూసి, పక్కన టీ పెట్టి వెళ్లింది.

పదిహేను రోజులు ఎవరూ పలకలేదు. పదహారో రోజు పొద్దున ఒక మెయిల్ వచ్చింది. ఎవరో ముసలాయన. మీరసలు మనుషులేనా అని మొదలుపెట్టాడు. నాలుగు పేరాలు తిట్టాడు. కళ్లు లేనివాణ్ణి ఏడాదిపాటు గాలికి వదిలేసి ఇప్పుడు కుశలప్రశ్నలా అన్నాడు. బాగుచేశానన్నది పెట్టి చూశాననీ, గొంతు ఆగడం లేదు గానీ ఇప్పుడు పుట్టలో పాములా బుసకొడుతోందనీ, ఇది మరమ్మతా నీ మొహమా అనీ రాసి, చివర తన ఫోన్ నంబరు పడేశాడు.

అతుకులాయన అది రెండుసార్లు చదివాడు. "ఇటురావే" అని భార్యను కేకేశాడు. ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, భుజం మీంచి వంగి చదివింది.

"ఇన్ని తిట్లు తిడితే అంత సంబరం ఎందుకండీ?"

"పెట్టి చూశాట్టే. తిడుతున్నాడంటే ఇంకా వాడుతున్నాడన్నమాట" అన్నాడు, ఫోన్ అందుకుని ముసలాయన నంబరు నొక్కుతూ.